ఒక్కసారి వచ్చి ఆగిపోయే ఇంటరప్ట్

రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ చిప్ ఉన్న ఒక బోర్డు మీద కొత్త లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) మామూలుగానే బూట్ అవుతుంది. పరికరాల పిలుపులను, అంటే ఇంటరప్ట్‌లను, ప్రాసెసర్‌కు చేర్చే ఇంటరప్ట్ కంట్రోలర్‌కు నేరుగా కలిపిన సెన్సర్‌ను కెర్నెల్ గుర్తిస్తుంది, మొదటి రీడింగ్ వస్తుంది, రెండోది రాదు. కెర్నెల్ తన లెక్కలు చూపే ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే ఆ సెన్సర్ వరుసలో లెక్క 1 దగ్గరే నిలిచి ఉంటుంది. ఓసిలోస్కోప్ పెట్టి చూస్తే సెన్సర్ లైను హైలోనే ఉంటుంది. అంటే పరికరం పిలుస్తూనే ఉంది, ప్రాసెసర్‌కు ఆ పిలుపు అందడం లేదు. కెర్నెల్ లాగ్‌లో ఒక్క హెచ్చరిక కూడా ఉండదు. సెన్సర్ డ్రైవర్‌ను ఎన్నిసార్లు తిరగేసినా ఈ తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. దాని కింద, కొన్ని వందల వరుసలు మాత్రమే ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవర్‌లో ఉంది.

ఈ తరహా డ్రైవర్లు చూడడానికి చిన్నవి, చదవడానికి సులభమైనవి. నాలుగైదు రిజిస్టర్లు, ప్రతి లైనుకు ఒక బిట్, ఆ బిట్‌ను ఆన్ చేసే ఫంక్షన్ ఒకటి, ఆఫ్ చేసేది ఒకటి. నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఉండే డీఎంఏ రింగులు గానీ, డిస్‌ప్లే డ్రైవర్‌లో ఉండే క్లాక్ లెక్కలు గానీ ఇందులో ఉండవు. అయినా లినక్స్‌లో కఠినంగా సమీక్షించే కోడ్‌లో ఇదొకటి. పాత డ్రైవర్‌ను నకలు తీసి రిజిస్టర్ చిరునామాలు మార్చి పంపిన ప్యాచ్ (కోడ్ మార్పు) అయిదారు వెర్షన్లు తిరగక తప్పదు. సమీక్షకుల చాదస్తం అని దీన్ని కొట్టిపారేయడం తేలికే గానీ, ఆ అభ్యంతరాలను వరుసగా పెట్టి చూస్తే చాలావరకు ఒకే ప్రశ్నకు రూపాంతరాలని తెలుస్తుంది: ఈ డ్రైవర్ తన హార్డ్‌వేర్ గురించి కెర్నెల్‌కు చెబుతున్న మాట నిజమేనా?

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కెర్నెల్‌లో పని ఎలా పంచుకున్నారో చూడాలి. 2006లో విడుదలైన 2.6.18 వెర్షన్‌లో థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ జెన్‌ఐఆర్‌క్యూ అనే ఉమ్మడి పొరను తీసుకువచ్చారు. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఏ క్రమంలో ఏం చేయాలి అన్న తర్కాన్నీ, ఫలానా చిప్‌లో ఫలానా బిట్‌ను ఎలా మార్చాలి అన్న వివరాన్నీ ఆ పొర విడదీసింది. మొదటిదాన్ని ఫ్లో హ్యాండ్లర్లు చూసుకుంటాయి. రెండోదాన్ని ఐఆర్‌క్యూ చిప్ అనే స్ట్రక్చర్‌లోని ఫంక్షన్ పాయింటర్లు చూసుకుంటాయి. మాస్క్ (లైనును మూయడం), అన్‌మాస్క్ (తెరవడం), యాక్ (ఇంటరప్ట్ అందిందని చెప్పడం), ఈఓఐ (దాని పని ముగిసిందని చెప్పడం), సెట్ టైప్ (లైను ఏ రకమో నిర్ణయించడం), సెట్ అఫినిటీ (ఏ సీపీయూకు వెళ్ళాలో చెప్పడం), సెట్ వేక్ (నిద్రలో ఉన్న సిస్టమ్‌ను లేపేలా చేయడం) అనేవి అందులో తరచుగా కనిపించే గదులు. డ్రైవర్ రాయడమంటే చాలావరకు ఈ గదులను పూరించడమే. పూరించిన ప్రతి గదీ హార్డ్‌వేర్ తరఫున ఇచ్చిన వాంగ్మూలం. దాన్ని నమ్మి ఆ ఉమ్మడి పొర, అంటే ఇంటరప్ట్ కోర్, నడుచుకుంటుంది, ఎదురు ప్రశ్న వేయదు.

లెవెల్, ఎడ్జ్ తేడాతోనే ఈ నమ్మకానికి పరీక్ష మొదలవుతుంది. లెవెల్ ఇంటరప్ట్‌లో పరికరానికి అవసరం ఉన్నంతసేపూ లైను చురుకుగా ఉంటుంది. కాబట్టి కెర్నెల్ ముందు దాన్ని మాస్క్ చేసి, పరికరం పని తీర్చి, లైను దిగాక మళ్ళీ తెరుస్తుంది. మధ్యలో ఏదీ గుర్తుపెట్టుకోవలసిన పని లేదు, లైనే గుర్తుగా నిలబడి ఉంటుంది. ఎడ్జ్ అలా కాదు. అక్కడ లైను స్థితి మారడమే పిలుపు. అది ఒక క్షణం మెరిసి పోతుంది, దాన్ని ఎవరో ఒకరు పట్టి ఉంచాలి. అందుకే ఎడ్జ్ ఫ్లోలో యాక్ ముందు జరుగుతుంది, పరికరం పని తీర్చే హ్యాండ్లర్ తరువాత నడుస్తుంది. ఆ వరుసను తిరగేస్తే హ్యాండ్లర్ ముగింపుకూ యాక్‌కూ నడుమ వచ్చిన కొత్త ఎడ్జ్, పాతదానితో కలిసి తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సందు కొన్ని మైక్రోసెకన్లే కావచ్చు. పరీక్షల్లో నెల రోజులు కనిపించని లోపం వినియోగదారుడి దగ్గర రోజూ కనిపించడానికి ఆ మాత్రం చాలు.

లెవెల్‌లో కూడా ఒక మెలిక ఉంది. కొన్ని జీపీఐఓ (చిప్‌లోని సాధారణ ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్నుల) కంట్రోలర్లు లెవెల్‌ను సైతం ఒక స్టేటస్ బిట్‌లో పట్టి ఉంచుతాయి. ఫ్లో హ్యాండ్లర్ మొదట్లోనే ఆ బిట్‌ను తుడిచినా, లైను ఇంకా చురుకుగా ఉన్నందువల్ల అది వెంటనే మళ్ళీ నిండుతుంది. హ్యాండ్లర్ ముగిశాక అన్‌మాస్క్ చేయగానే, పరికరం ఏమీ అడగకపోయినా, ఒక ఉత్తుత్తి ఇంటరప్ట్ వచ్చి పడుతుంది. ఓమాప్ చిప్‌ల జీపీఐఓ డ్రైవర్ లెవెల్ లైన్లకు అన్‌మాస్క్ సమయంలో స్టేటస్‌ను మళ్ళీ తుడవడం ఇందుకే. డేటాషీట్‌లో ఈ సంగతి ఒక్క వాక్యంగానైనా ఉండకపోవచ్చు.

ఇక మొదట చెప్పిన సెన్సర్ దగ్గరికి వద్దాం. రిస్క్-ఫైవ్ లోకంలో పీఎల్‌ఐసీ అనే ఇంటరప్ట్ కంట్రోలర్ ఉంది. దానికి లినక్స్ డ్రైవర్ 2018లో 4.19 వెర్షన్‌తో చేరింది. దాని పని తీరు పైకి చాలా ముచ్చటగా ఉంటుంది. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ క్లెయిమ్ రిజిస్టర్‌ను చదువుతుంది. పెండింగ్‌లో ఉన్నవాటిలో అత్యధిక ప్రాధాన్యం గలదాని సంఖ్య వస్తుంది, ఏదీ లేకపోతే 0 వస్తుంది. పని ముగిశాక అదే రిజిస్టర్‌లో ఆ సంఖ్యను తిరిగి రాస్తే అది కంప్లీట్ అయినట్టు. ఈ రెంటి మధ్యా ఆ లైనుకు కాపలాగా ఉన్న గేట్‌వే రెండో ఇంటరప్ట్‌ను లోపలికి వదలదు. ఈఓఐ ఉన్న కంట్రోలర్లకు లినక్స్‌లో ఫాస్ట్ ఈఓఐ అనే ఫ్లో సిద్ధంగా ఉంది. పీఎల్‌ఐసీకి అది సరిగ్గా అతుకుతుందని డ్రైవర్ చెప్పింది, ఇంటరప్ట్ కోర్ నమ్మింది.

నిర్దేశపత్రంలో ఒక చిన్న షరతు మాత్రం ఈ ఏర్పాటులో ఇమడలేదు. కంప్లీట్‌గా రాసిన సంఖ్య ఆ క్షణంలో ఆ ప్రాసెసర్‌కు ఎనేబుల్ అయి ఉన్న లైనుది కాకపోతే, పీఎల్‌ఐసీ ఆ రాతను చడీచప్పుడు లేకుండా పక్కన పడేస్తుంది. ఇప్పుడు థ్రెడెడ్ హ్యాండ్లర్‌తో, అంటే అసలు పనిని తరువాత విడి థ్రెడ్‌లో చేసే హ్యాండ్లర్‌తో, నడిచే సెన్సర్‌ను ఊహించండి. అలాంటివి వన్‌షాట్ ఫ్లాగ్‌తో నమోదవుతాయి. థ్రెడ్ పని ముగించేవరకు లైను మాస్క్‌లో ఉండాలన్నది ఆ ఫ్లాగ్ అర్థం. ఫ్లో హ్యాండ్లర్ ముందు మాస్క్ చేస్తుంది. అప్పటి డ్రైవర్‌లో మాస్క్ అంటే ఎనేబుల్ బిట్‌ను తీసేయడమే. తరువాత థ్రెడ్‌ను లేపి, వెంటనే ఈఓఐ పిలుస్తుంది. లైను ఎనేబుల్‌లో లేదు గనుక కంప్లీట్ చెల్లదు. కాసేపటికి థ్రెడ్ తన పని ముగించి అన్‌మాస్క్ చేస్తుంది, ఎనేబుల్ బిట్ తిరిగి వస్తుంది, కానీ గేట్‌వే మాత్రం ఎన్నటికీ రాని కంప్లీట్ కోసం తలుపు మూసుకుని కూర్చుంటుంది. లెక్క 1 దగ్గర ఆగిపోవడం వెనుక ఉన్న కథ ఇదే.

2021లో వచ్చిన సవరణ సూటిగా ఉంది: ఈఓఐ పిలిచినప్పుడు లైను మాస్క్‌లో ఉంటే క్షణంపాటు తెరిచి, కంప్లీట్ రాసి, మళ్ళీ మూయడం. పని జరిగింది గానీ లోతైన లోపం అలాగే మిగిలింది. పీఎల్‌ఐసీలో ఒక ఇంటరప్ట్ ప్రాసెసర్‌ను చేరాలంటే దాటవలసిన అడ్డంకులు రెండు: దాని ప్రాధాన్యం 0 కాకుండా ఉండాలి, ఆ ప్రాసెసర్‌కు సంబంధించిన ఎనేబుల్ బిట్ ఉండాలి. మాస్క్ కోసం డ్రైవర్ వాడుకుంటున్నది వీటిలో ఖరీదైనది. ఎనేబుల్ బిట్లు 32 చొప్పున ఒక్కో రిజిస్టర్‌లో ఉంటాయి కాబట్టి లాక్ పట్టుకుని, చదివి, మార్చి, తిరిగి రాయాలి. ప్రాధాన్యం మాత్రం ప్రతి లైనుకూ విడి రిజిస్టర్, ఒక్క రాత చాలు, లాక్ అక్కర్లేదు. 2022లో, 6.0 వెర్షన్ నాటికి, డ్రైవర్ ఈ రెంటినీ విడదీసింది: మాస్క్ అంటే ప్రాధాన్యాన్ని 0 చేయడం, డిజేబుల్ అంటే ఎనేబుల్ బిట్‌ను తీసేయడం. మాస్క్‌లో ఉన్న లైను ఎనేబుల్‌గానే ఉంటుంది కాబట్టి కంప్లీట్ చెల్లుతుంది. పాత తెరిచి మూసే ఉపాయాన్ని అప్పుడు తీసేశారు, నిజంగానే డిజేబుల్ అయిన లైను కోసం 2024లో దాన్ని తిరిగి చేర్చవలసి వచ్చింది. డ్రైవర్ వేగమూ పెరిగింది, హార్డ్‌వేర్ గురించి అది చెప్పే మాటా నిజానికి దగ్గరయింది.

ఇక్కడితో కథ ముగిస్తే అందంగా ఉండేది. ముగియలేదు. మాస్క్, డిజేబుల్ అనేవి రెండు వేరువేరు స్థితులయ్యాయి గనుక ఒకే లైను ఒకేసారి రెండు స్థితుల్లోనూ ఉండే వీలు ఏర్పడింది. వన్‌షాట్ లైనును ఫ్లో హ్యాండ్లర్ మాస్క్ చేసింది. పని ఇంకా నడుస్తుండగా మరో టాస్క్ ఆ ఇంటరప్ట్‌ను డిజేబుల్ చేసింది. పని ముగిశాక ఇంటరప్ట్ కోర్ చూసుకుంటుంది, లైను డిజేబుల్ అయి ఉంది కాబట్టి అన్‌మాస్క్ చేయదు. తరువాత ఎనేబుల్ చేసినప్పుడు చిప్‌కు ఎనేబుల్ ఫంక్షన్ ఉంటే కోర్ దాన్ని ఒక్కదాన్నే పిలుస్తుంది. అన్‌మాస్క్‌ను విడిగా పిలవదు, ఎనేబుల్‌లోనే అది ఇమిడి ఉందని దాని ఉద్దేశం. పీఎల్‌ఐసీ డ్రైవర్‌లో అది ఇమిడి లేదు. ఎనేబుల్ బిట్ వచ్చింది, ప్రాధాన్యం 0 గానే ఉండిపోయింది, లైను మళ్ళీ మూగబోయింది. 2024 చివర్లో ఎనేబుల్ ఫంక్షన్‌లో అన్‌మాస్క్‌ను కూడా చేర్చి దీన్ని సరిచేశారు. రెండేళ్ళపాటు ఎందరో చదివిన, ఎన్నో బోర్డుల్లో నడిచిన కోడ్‌లో ఆ రంధ్రం ఉంది. దాన్ని పూడ్చిన మార్పు పరిమాణం చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది.

కాబట్టి సమీక్షకుడు ప్యాచ్‌లో మొదట చూడవలసినది కోడింగ్ శైలి కాదు. ఎనేబుల్, డిజేబుల్ గదులను డ్రైవర్ పూరించిందా, పూరిస్తే ఎందుకు అన్నది ముందు చూడాలి. చాలా డ్రైవర్లకు అవి అసలు అక్కర్లేదు. డిజేబుల్ గది ఖాళీగా ఉంటే ఇంటరప్ట్ కోర్ సోమరి పద్ధతిని పాటిస్తుంది: లైనును వెంటనే మూయదు, డిజేబుల్ అయిందని తన దగ్గర రాసుకుంటుంది. ఆ లోపు ఇంటరప్ట్ నిజంగా వస్తే అప్పుడు మాస్క్ చేసి, పెండింగ్‌గా గుర్తుంచుకుని, ఎనేబుల్ చేసినప్పుడు ఎడ్జ్ అయితే తిరిగి పంపుతుంది. మాస్క్‌లో ఉండగా వచ్చిన ఎడ్జ్‌ను పట్టి ఉంచలేని హార్డ్‌వేర్‌కు ఈ సోమరితనం వరం. మాస్క్ ఫంక్షన్‌నే డిజేబుల్ గదిలో కూడా పెట్టిన డ్రైవర్ ఆ వరాన్ని చేజేతులా వదులుకుంటుంది. నకలు కొట్టిన డ్రైవర్లలో తరచుగా దొరికే తప్పు ఇది, పైగా చూడడానికి ఎంతో పద్ధతిగా కనిపించే తప్పు.

పీఎల్‌ఐసీ నుంచే ఇంకో పాఠం ఉంది. రెనెసాస్ ఆర్‌జెడ్/ఫైవ్ చిప్‌లో ఆండెస్ సంస్థ రూపొందించిన ఎన్‌సీఈపీఎల్‌ఐసీ100 ఉంటుంది. పేరు పీఎల్‌ఐసీయే, రిజిస్టర్ల అమరికా అదే. కానీ ఒక ఎడ్జ్ ఇంటరప్ట్‌కు కంప్లీట్ అందేవరకు ఆ లైను మీద వచ్చే తరువాతి ఎడ్జ్‌లను అది పట్టించుకోదు. ఫాస్ట్ ఈఓఐ ఫ్లోలో కంప్లీట్ చివర్లో జరుగుతుంది కాబట్టి హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపూ ఎడ్జ్‌లు పోతూనే ఉంటాయి. అందువల్ల 2022లో ఈ రకం చిప్‌ల కోసం డ్రైవర్‌లో రెండు దారులు ఏర్పడ్డాయి. లెవెల్ లైనుకు పాత ఫ్లో. ఎడ్జ్ లైనుకు ఎడ్జ్ ఫ్లో, అందులో కంప్లీట్ రాతే యాక్ స్థానంలో హ్యాండ్లర్ కన్నా ముందు జరుగుతుంది. ఒకే రిజిస్టర్, ఒకే సంఖ్య. ఎప్పుడు రాస్తారన్న దాన్ని బట్టి అది ఈఓఐ అవుతుంది, లేదా యాక్ అవుతుంది. రిజిస్టర్ పేరు చూసి గది ఎంచుకోకూడదనడానికి దీనికన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఒక కంట్రోలర్ కింద మరో కంట్రోలర్ ఉన్నప్పుడు నిజం చెప్పడం ఇంకాస్త కష్టమవుతుంది. ఎంబెడెడ్ చిప్‌లలో ఇది సర్వసాధారణం. 32 లైన్లను ఒకే లైనుగా కలిపి పైకి పంపే మల్టీప్లెక్సర్లు ఒక జాతి. వచ్చిన ప్రతి లైనునూ కాస్త మార్చి, పైనున్న కంట్రోలర్‌కు విడి లైనుగానే పంపేవి ఇంకో జాతి. మొదటి జాతికి, కింద ఏ లైను పిలిచిందో చూసి దాని హ్యాండ్లర్‌ను నడిపే చెయిన్డ్ హ్యాండ్లర్ సరిపోతుంది. రెండో జాతి కోసం 2015లో విడుదలైన 3.19 వెర్షన్‌లో డొమైన్‌ల దొంతర వచ్చింది. ఒకే ఇంటరప్ట్ ప్రతి అంతస్తులోనూ తన సంఖ్యతో ఉంటుంది, ప్రతి డ్రైవర్ తన పని చేసి మిగతాది పై అంతస్తుకు అప్పగిస్తుంది. మీడియాటెక్ చిప్‌లలోని సిస్‌ఐఆర్‌క్యూ దీనికి చక్కని నమూనా. ఆర్మ్ వారి జిక్ అనే ఇంటరప్ట్ కంట్రోలర్ ప్రాసెసర్లన్నీ పంచుకునే లైన్లలో హై లెవెల్, రైజింగ్ ఎడ్జ్‌లను మాత్రమే ఒప్పుకుంటుంది. పరికరం లైను తక్కువ స్థాయిలో చురుకయ్యేది ('యాక్టివ్ లో') అయితే దాన్ని తిప్పడానికి నడుమ సిస్‌ఐఆర్‌క్యూ ఉంటుంది. దాని సెట్ టైప్ ఫంక్షన్ తన రిజిస్టర్‌లో తిప్పే బిట్ పెట్టి, పైన ఉన్న జిక్‌కు హై అని చెబుతుంది. కింద ఉన్న పరికరం డ్రైవర్‌కు ఈ తతంగం ఏదీ తెలియనక్కర్లేదు.

చెయిన్డ్ హ్యాండ్లర్‌కు ఉన్న ప్రమాదం వేరు. మామూలు ఇంటరప్ట్ లైను మీద ఎవరూ స్వీకరించని ఇంటరప్ట్‌లు వెల్లువలా వస్తే కెర్నెల్ గమనిస్తుంది; ప్రతి 1,00,000 ఇంటరప్ట్‌లకు ఒకసారి చూసి, వాటిలో 99,900కు మించి ఎవరికీ చెందనివైతే 'నోబడీ కేర్డ్' అని లాగ్‌లో రాసి ఆ లైనును మూసేస్తుంది. చెయిన్డ్ హ్యాండ్లర్‌కు ఈ కాపలా వర్తించదు, ప్రాక్ లెక్కల్లో దానికి వరుస కూడా ఉండదు. స్టేటస్ రిజిస్టర్‌లో ఒక బిట్ దిగకుండా ఉండిపోతే సీపీయూ అందులోనే తిరుగుతూ ఉంటుంది, బోర్డు మొత్తం బిగుసుకుపోతుంది, ఎందుకో చెప్పే అక్షరం ఒక్కటి కూడా బయటికి రాదు. స్టేటస్‌ను ఎనేబుల్ బిట్లతో కలిపి చూడకుండా నేరుగా లూప్‌లో వాడే కోడ్ కనిపిస్తే సమీక్షకుడు అక్కడ ఆగాలి. చెయిన్డ్ ఎంటర్, చెయిన్డ్ ఎగ్జిట్ అనే పిలుపులు లేకపోయినా ఆగాలి. పై కంట్రోలర్‌కు యాక్ లేదా ఈఓఐ చెప్పేది అవే.

ఇదే మల్టీప్లెక్సర్లలో సెట్ అఫినిటీ గదిని పూరించే ఆశ కూడా ఎక్కువే. 32 లైన్లకు పైకి పోయే దారి ఒక్కటే అయినప్పుడు, ఒక లైనును రెండో సీపీయూకు మార్చమంటే మిగతా 31 కూడా దానితోపాటు వెళ్ళిపోతాయి. వాటిని మొదటి సీపీయూ మీద ఉంచమని కోరినవారికి ఆ సంగతి చెప్పేవారు ఉండరు. యూజర్‌స్పేస్ (కెర్నెల్ బయటి ప్రోగ్రాములు) చదివే ఫైల్‌లో పాత సమాధానమే కనిపిస్తుంది. ఇక్కడ నిజాయితీగల జవాబు ఒకటే: అది సాధ్యం కాదని లోపం సంకేతాన్ని తిరిగి ఇవ్వడం. సెట్ టైప్ విషయంలోనూ అంతే. హార్డ్‌వేర్ లెవెల్ హై మాత్రమే ఎరిగినదైతే, ఫాలింగ్ ఎడ్జ్ అడిగినవారికి 0 తిరిగి ఇచ్చి ఊరుకోవడం మర్యాద కాదు, మోసం. ఏమీ చేయని ఖాళీ ఫంక్షన్లను గదుల్లో పెట్టి కంపైలర్‌నూ కోర్‌నూ సంతోషపెట్టే ప్యాచ్‌లను ఇంటరప్ట్ చిప్ కోడ్‌ను చాలా ఏళ్ళు చూసుకున్న మార్క్ జింగియర్ వంటి మెయింటెయినర్లు వెనక్కి పంపడంలో ఆశ్చర్యం లేదు.

లాక్‌ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు గానీ వదిలేయడానికి లేదు. మాస్క్, అన్‌మాస్క్‌లను కోర్ ఆ లైనుకు చెందిన లాక్ పట్టుకుని పిలుస్తుంది. అది ఒక్క లైనుకు రక్ష, రిజిస్టర్‌కు కాదు. 5వ లైనును ఒక సీపీయూ, 9వ లైనును ఇంకో సీపీయూ ఒకేసారి మాస్క్ చేస్తే, రెండు బిట్లూ ఒకే రిజిస్టర్‌లో ఉంటే, ఒకరి రాతను మరొకరి రాత తుడిచేస్తుంది. జిక్‌లో లాగా పెట్టడానికి ఒక రిజిస్టర్, తీయడానికి ఒక రిజిస్టర్ విడివిడిగా ఉన్న హార్డ్‌వేర్‌కు ఈ బెడద లేదు. లేనివాటికి డ్రైవర్ సొంత లాక్ కావాలి, అది ఎప్పుడూ నిద్రపోని రా స్పిన్‌లాక్ అయి ఉండాలి. 2024లో 6.12 వెర్షన్‌తో ప్రీఎంప్ట్ ఆర్‌టీ (రియల్‌టైమ్ మద్దతు) ప్రధాన కెర్నెల్‌లో చేరాక ఈ షరతుకు మినహాయింపు లేకుండా పోయింది. ఆర్‌టీ కెర్నెల్‌లో మామూలు స్పిన్‌లాక్ నిద్రపోగల లాక్‌గా మారుతుంది. కోర్ లాక్ పట్టుకుని ఉండగా నిద్రపోవడం కుదరదు. రిజిస్టర్లను చదివి రాసే ఉమ్మడి కోడ్ అయిన రెజ్‌మ్యాప్‌ను వాడే డ్రైవర్లలో ఈ తప్పు మరుగున ఉంటుంది, ఎందుకంటే లాక్ రెజ్‌మ్యాప్ లోపల ఉంటుంది, ప్యాచ్‌లో కనిపించదు. ఐ2సీ అనే నెమ్మదైన బస్ వెనుక ఉన్న జీపీఐఓ ఎక్స్‌పాండర్లకు మాత్రం బస్ లాక్, బస్ సింక్ అన్‌లాక్ అనే ప్రత్యేక గదులు ఉన్నాయి: మాస్క్‌లో మార్పును జ్ఞాపకంలో రాసుకుని, నిద్రపోవడానికి వీలున్న చోట హార్డ్‌వేర్‌కు పంపడం.

బోర్డు మీది హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు వర్ణించే పత్రం డివైస్ ట్రీ. దాన్ని ఎలా రాయాలో చెప్పే బైండింగ్ వేరే ప్యాచ్‌గా, డ్రైవర్ కన్నా ముందు వస్తుంది. రాసేవారికి అది చివర్లో పూర్తిచేసే కాగితం పనిలా అనిపిస్తుంది. నిజానికి వెనక్కి తీసుకోలేని నిర్ణయాలన్నీ అందులోనే ఉంటాయి. డ్రైవర్‌ను రేపు తిరగరాయవచ్చు. ఒకసారి బోర్డులతో బయటికి వెళ్ళిన డివైస్ ట్రీని మార్చలేం. ఇంటరప్ట్‌ను వర్ణించడానికి ఎన్ని సెల్స్ (విలువలు) కావాలన్నది అలాంటి నిర్ణయం. సంఖ్య ఒక్కటే చాలనుకుంటే 1, లెవెలో ఎడ్జో చెప్పే ఫ్లాగ్ కూడా కావాలంటే 2. పీఎల్‌ఐసీ 1తో మొదలైంది. ఎడ్జ్, లెవెల్ తేడా చూపే ఆండెస్, టీ-హెడ్ రకాలు వచ్చాక వాటికి 2 అని, మిగతావాటికి 1 అని ఒకే బైండింగ్ పత్రంలో షరతు రాసుకోవలసి వచ్చింది. జిక్ మొదటినుంచీ 3 సెల్స్ తీసుకుంటుంది: రకం, సంఖ్య, ఫ్లాగులు. పంచుకునే లైన్లను డివైస్ ట్రీలో 0 నుంచి లెక్కిస్తారు, హార్డ్‌వేర్‌లో అవి 32 నుంచి మొదలవుతాయి. చిప్ మాన్యువల్‌లో కనిపించిన సంఖ్యను అలాగే దించి ఒక పూట పోగొట్టుకోని ఇంజినీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నాడంటే నమ్మడం కష్టం.

సస్పెండ్, వేకప్ గురించి ఒక్కమాట చాలు. సెట్ వేక్ గదిలో ఏమీ చేయకుండా 0 ఇచ్చే డ్రైవర్ కన్నా, హార్డ్‌వేర్‌లో అలాంటి రిజిస్టరే లేనప్పుడు దాన్ని దాటవేయమని చెప్పే ఫ్లాగ్ పెట్టిన డ్రైవర్ మంచిది. కంట్రోలర్ విద్యుత్తు నిజంగానే పోయే చిప్‌లలో రిజిస్టర్లను ఎవరు దాచి ఎవరు తిరిగి నింపుతారో ప్యాచ్ వివరణలోనే ఉండాలి.

ఇన్ని ప్రశ్నలకు సమాధానాలు కోడ్ చదివితే దొరకవు అన్నదే సమీక్షలో అసలు ఇబ్బంది. సమీక్షకుడి చేతిలో చాలాసార్లు బోర్డూ ఉండదు, మాన్యువలూ ఉండదు. ఉన్నది ప్యాచ్ వివరణ ఒక్కటే. 'ఫలానా చిప్‌కు సపోర్ట్ చేరుస్తున్నాం' అనే ఒక వాక్యపు వివరణ అందుకే పనికిరాదు. మాస్క్‌లో ఉండగా ఎడ్జ్ వస్తే హార్డ్‌వేర్ గుర్తుంచుకుంటుందా, మాస్క్‌లో ఉండగా ఈఓఐ చెల్లుతుందా, స్టేటస్ బిట్‌ను తుడిస్తే లైను ఇంకా హైలో ఉన్నప్పుడు ఏమవుతుంది, అన్న మూడింటికీ రాసినవారు బోర్డు మీద చూసి జవాబు రాస్తే సగం వెర్షన్లు ఆదా అవుతాయి. ప్రూవ్ లాకింగ్, రా లాక్ నెస్టింగ్ అనే కెర్నెల్ లాక్ తనిఖీలు ఆన్ చేసి నడిపామని చెబితే లాక్ గురించిన ప్రశ్నలు చాలావరకు తగ్గుతాయి.

పరీక్ష కూడా ఇంటరప్ట్ వస్తోందా లేదా అని చూసి ఆపేది కాకూడదు. వన్‌షాట్ థ్రెడెడ్ హ్యాండ్లర్ ఒకటి నమోదు చేసి, అది నడుస్తుండగానే వేరే టాస్క్ నుంచి ఆ లైనును డిజేబుల్ చేస్తూ ఎనేబుల్ చేస్తూ కొన్ని వేలసార్లు తిప్పాలి. జెనరిక్ ఐఆర్‌క్యూ డీబగ్‌ఎఫ్‌ఎస్ ఆప్షన్‌తో కెర్నెల్ కట్టుకుంటే ప్రతి ఇంటరప్ట్‌కు ఒక ఫైలు కనిపిస్తుంది. ఏ డొమైన్‌లో ఏ సంఖ్య, ఏ రకం, డిజేబుల్ ఫ్లాగ్ ఉందా, మాస్క్ ఫ్లాగ్ ఉందా అన్నవి అందులో విడివిడిగా ఉంటాయి. లెక్క నిలిచిపోయిన లైనుకు ఆ ఫైల్‌లో డిజేబుల్ పోయి మాస్క్ ఒక్కటే మిగిలి ఉంటే, అన్‌మాస్క్ ఇంకా జరగలేదన్నమాట, థ్రెడ్ పని ముగిసిందో లేదో చూడాలి. రెండూ పోయి కూడా లైను మూగగా ఉంటే, ఎనేబుల్ ఫంక్షన్ హార్డ్‌వేర్‌లో అన్‌మాస్క్ చేయకుండా వదిలేసిందేమో, లేదా అందని కంప్లీట్ కోసం గేట్‌వే ఎదురుచూస్తోందేమో చూడాలి.